టార్ ఆగిపోయిందా? ముందు లాగ్ చదవండి, తర్వాత బ్రిడ్జి మార్చండి

మీరు ఎవరో, ఏ సైటు చూస్తున్నారో దాచి, బ్లాకులు దాటించే టార్ బ్రౌజర్‌లో కనెక్ట్ నొక్కాక గీత కొంతదూరం నడిచి నిలబడిపోతే చాలామంది చేసే పని ఒకటే. సెట్టింగ్స్‌లో కనిపించిన బ్రిడ్జినల్లా (టార్‌లోకి చేర్చే దొడ్డిదారి) ఒకదాని తర్వాత ఒకటి మార్చి చూస్తారు. అదృష్టం బాగుంటే ఏదో ఒకటి పట్టుకుంటుంది. లేకపోతే గంటసేపు తంటాలు పడి, మా నెట్‌లో టార్ రాదని వదిలేస్తారు. గీత ఎక్కడ ఆగిందో చూస్తే నెట్ కంపెనీ ఏ పద్ధతిలో ఆపుతోందో చాలావరకు బయటపడుతుంది. పద్ధతి తెలిశాక ఏ బ్రిడ్జి పెట్టాలన్నది పెద్ద ప్రశ్న కాదు.

ముందుగా చట్టం మాట. భారతదేశంలో టార్ వాడడమే నేరమని చెప్పే చట్టం లేదు. జమ్మూ కశ్మీర్‌లో మాత్రం కొన్ని జిల్లాల్లో వీపీఎన్‌లను నిషేధిస్తూ ఉత్తర్వులు వచ్చాయి, అక్కడ ఉన్నవాళ్లు వాటిని చూసుకోవాలి. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. యూఏఈలో 2021 నాటి 34వ నంబరు సైబర్ చట్టం ప్రకారం, నేరం చేయడానికో దాన్ని కప్పిపుచ్చడానికో ఐపీ చిరునామా మార్చుకుంటే 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హమ్‌ల దాకా జరిమానా ఉంది, జైలు కూడా ఉంది. రష్యాలో 2024 మార్చి 1 నుంచి, అడ్డంకులు దాటే పద్ధతులను ప్రచారం చేయడమే నిషేధం. అక్కడ చదువుకుంటున్న పిల్లలు ఇలాంటి వివరాలు తాము వాడుకోవడం వేరు, పబ్లిక్ గ్రూపుల్లో పెట్టడం వేరు. కాలేజీ, ఆఫీసు వైఫైల సంగతికొస్తే ఆ నెట్ వాళ్లది, నియమాలూ వాళ్లవే. దొరికితే పోయేది మీ అకౌంటు.

ఆపే పద్ధతులు

మీ ట్రాఫిక్‌ను చేతులు మార్చుకుంటూ మోసే వాలంటీర్ల సర్వర్లే టార్ రిలేలు. వాటి చిరునామాలు రహస్యం కావు. డైరెక్టరీ అథారిటీలు అనే కొద్దిపాటి సర్వర్లు గంటగంటకూ ఓటు వేసి, పనిచేస్తున్న రిలేల జాబితా విడుదల చేస్తాయి. మీ బ్రౌజర్ దారి వెతుక్కోవడానికి ఆ జాబితానే దించుకుంటుంది. నెట్ కంపెనీ కూడా దాన్నే దించుకుని, అందులోని ఐపీలన్నిటినీ తన ఫైర్‌వాల్ అనే వడపోతలో వేసేయగలదు. అన్నిటికన్నా చవకైన పద్ధతి ఇదే. దీనికి విరుగుడుగా పుట్టినదే బ్రిడ్జి. ఆ బహిరంగ జాబితాలో లేని రిలేనే బ్రిడ్జి అంటారు.

రెండో పద్ధతిలో చిరునామా కాకుండా ట్రాఫిక్ రూపం చూస్తారు. 2011 సెప్టెంబరులో ఇరాన్ చేసింది ఇదే. మామూలు వెబ్‌సైట్ల సర్టిఫికెట్లకు (సర్వర్ గుర్తింపు పత్రాలకు) ఏడాదో ఆపైనో గడువు ఉండేది. టార్ సర్టిఫికెట్లు మాత్రం రెండు గంటలకోసారి మారేవి. ఆ గడువు ఒక్కటే చూసి టార్‌ను ఏరేశారు. టార్‌ను తయారుచేసే టార్ ప్రాజెక్ట్ అదే రోజు సరిచేసింది గానీ, ఆనాటి నుంచి నేటి దాకా ఆట ఇలాగే నడుస్తోంది. 2022 సెప్టెంబరు నిరసనల్లో ఇరానీయులు స్నోఫ్లేక్ అనే బ్రిడ్జి రకం వైపు మళ్లితే, ఆ ప్రోగ్రాం టీఎల్‌ఎస్ పలకరింపు (రహస్య కనెక్షన్ మొదలుపెట్టే తొలి మాట) ఏ బ్రౌజర్‌నూ పోలి లేదని పసిగట్టి అక్టోబరులో ఆపారు. ఆ పలకరింపును బ్రౌజర్ మాదిరిగా మార్చాక మళ్లీ నడిచింది.

మూడోది చైనా పద్ధతి. అనుమానం వచ్చిన సర్వర్‌కు ఫైర్‌వాలే కనెక్టయి, టార్ భాషలో పలకరించి చూస్తుంది. జవాబు వస్తే ఆ ఐపీ పని అయిపోయినట్టే. నాలుగోది రష్యాలో కనిపిస్తుంది. 2019 చట్టంతో అక్కడ ప్రతి నెట్ కంపెనీలోనూ ట్రాఫిక్‌ను వడగట్టే టీఎస్‌పీయూ అనే పెట్టెలు పెట్టించారు. వాటి పగ్గాలు కంపెనీ చేతిలో ఉండవు, ప్రభుత్వ నియంత్రణ సంస్థ రోస్‌కొమ్‌నాద్జోర్ చేతిలో ఉంటాయి. 2021 డిసెంబరు మొదట్లో టార్ రిలేలు, పాత రకం స్నోఫ్లేక్ కొన్ని కంపెనీల్లో ఒక్కసారిగా ఆగిపోయాయి. 8వ తేదీన టార్ ప్రాజెక్ట్ వెబ్‌సైటు కూడా పోయింది. ఇలాంటిచోట ఒక కంపెనీలో నడిచేది పక్క కంపెనీలో నడవకపోవచ్చు. కాబట్టి మాస్కో నుంచి ఎవరో ఇచ్చిన సలహా కజాన్‌లో పనిచేయలేదంటే సలహా తప్పని అనుకోనక్కర్లేదు.

మన కాలేజీ హాస్టళ్లలో కనిపించేది వీటిలో మొదటి రెండూ కలిసిన రకం. ఫైర్‌వాల్ పెట్టెలో ప్రాక్సీ, అనామక సేవలు అనే వర్గానికి టిక్ పెట్టి ఉంటుంది. దానికి తోడు వెబ్‌సైట్లు వాడే 80, 443 తప్ప మిగతా పోర్టులూ (డేటా వచ్చిపోయే నంబర్ల ద్వారాలు), వీడియో కాల్స్ లాంటివి వాడే యూడీపీ అనే పద్ధతి మొత్తమూ మూసేస్తారు. దేశాలు చేసేదానికంటే ఇది మొరటు పద్ధతి, అయినా కొన్ని బ్రిడ్జిలకు ఇదే ఎక్కువ ఇబ్బంది.

బ్రౌజర్ సంపాదించడం

వెబ్‌సైటే తెరుచుకోకపోతే గెట్‌టార్ అట్ టార్‌ప్రాజెక్ట్ డాట్ ఆర్గ్‌కు మీ సిస్టం పేరు, అంటే విండోసో లినక్సో మాకో, రాసి మెయిల్ పంపండి. గిట్‌హబ్ లాంటి చోట్ల ఉన్న కాపీల లింకులు జవాబుగా వస్తాయి. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ నడిపే అద్దం సైటు (అచ్చు కాపీ) టార్ డాట్ ఈఎఫ్‌ఎఫ్ డాట్ ఆర్గ్ కూడా ఉంది. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ నుంచి నేరుగా వస్తుంది. ఏపీకే దించుకోవలసి వస్తే ఈమధ్య ఫోన్లకు ఏఆర్చ్64 (aarch64) రకం, బాగా పాత ఫోన్లకు ఆర్మ్‌వీ7 రకం. తప్పు రకం దించితే యాప్ ఇన్‌స్టాల్ కాలేదనే సందేశం తప్ప వేరే వివరం కనిపించదు. ఐఫోన్‌లో టార్ ప్రాజెక్ట్ సొంత బ్రౌజర్ లేదు, ఆనియన్ బ్రౌజర్ అనేది వాడుకోవాలి.

వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫైలు, టెలిగ్రామ్ ఛానెల్‌లో దొరికిన ఏపీకే ఎక్కించకండి. బ్లాక్ ఉన్న దేశాల్లో నకిలీ టార్ బ్రౌజర్లు పుట్టేది సరిగ్గా ఇలాగే. వేరే దారిలో దించిన ఫైలుకు జీపీజీ సంతకం (ఫైలు అసలుదేనని చెప్పే డిజిటల్ సంతకం) సరిచూడండి. టార్ బ్రౌజర్ డెవలపర్ల తాళం వేలిముద్ర చివర 93298290 అని ఉంటుంది. చివరి ఎనిమిది కలిశాయి కదా అని అక్కడితో ఆగకండి. ఎనిమిదక్షరాలు కలిసేలా దొంగ తాళం తయారుచేయడం కష్టం కాదు, మొత్తం 40 అక్షరాలూ పోల్చాలి.

బ్రిడ్జి జోలికి వెళ్లకముందు

మూడు విషయాలు చూడండి. బ్లాక్ అనుకున్న కేసుల్లో కొన్ని ఇక్కడే తేలిపోతాయి.

మొదటిది గడియారం. రిలేల జాబితా మూడు గంటలే చెల్లుతుంది. మీ కంప్యూటర్ టైము తప్పితే చేతికొచ్చిన జాబితా గడువు తీరిందనో ఇంకా మొదలే కాలేదనో టార్ అనుకుంటుంది. ఇందులో మనవాళ్లు తరచుగా పడే గొయ్యి ఒకటుంది. తెరమీద టైము సరిగ్గానే కనిపిస్తుంది, కానీ టైమ్‌జోన్ లండన్‌కో అమెరికాకో పెట్టి ఉంటుంది. టార్ చూసేది అంతర్జాతీయ సమయం. టైమ్‌జోన్ లండన్ శీతాకాలపు టైములో ఉండిపోయి, గడియారాన్ని చేత్తో మన టైముకు తిప్పితే, టార్ లెక్కలో ఐదున్నర గంటల తేడా వచ్చేస్తుంది. టైమ్‌జోన్ కోల్‌కతా అని పెట్టి, టైము దానంతటదే తీసుకునేలా వదిలేయండి.

రెండోది లాగిన్ పేజీ. హాస్టల్, రైల్వే స్టేషన్, హోటల్ వైఫైలలో ముందు మామూలు బ్రౌజర్‌తో ఆ పేజీలో లాగిన్ అవ్వాలి. టార్ బ్రౌజర్‌లో ఆ పేజీ కనిపించదు.

మూడోది యాంటీవైరస్. బ్రిడ్జిలను నడిపే లైర్‌బర్డ్ అనే చిన్న ప్రోగ్రాంను కొన్ని యాంటీవైరస్‌లు అనుమానించి పక్కన పెట్టేస్తాయి. అప్పుడు బ్రిడ్జి లేకుండా టార్ నడుస్తుంది, ఏ బ్రిడ్జి పెట్టినా మాత్రం కదలదు. ఈ లక్షణం కనిపిస్తే నెట్ కంపెనీని తిట్టే ముందు క్వారంటైన్ జాబితా చూడండి.

లాగ్‌లో అంకెలు

సెట్టింగ్స్‌లో కనెక్షన్, దాంట్లో కిందికి జరిగితే అడ్వాన్స్‌డ్, అక్కడ వ్యూ లాగ్స్. బూట్‌స్ట్రాప్డ్ అనే మాటతో మొదలయ్యే వరుసల్లో శాతాలు ఉంటాయి.

బ్రిడ్జి లేకుండా ప్రయత్నించినప్పుడు 5 శాతం దగ్గర ఆగిందంటే రిలేల ఐపీలకు అసలు చేరలేకపోతున్నారు. ఇది జాబితా చూసి చేసిన బ్లాక్. 10 లేదా 14 దగ్గర ఆగిందంటే రిలే దాకా వెళ్లారు, టీఎల్‌ఎస్ హ్యాండ్‌షేక్ (పలకరింపు) మొదలవగానే మధ్యలో ఎవరో తుంచేశారు. అంటే రూపం చూసే పెట్టె ఉంది. 30 నుంచి 50 మధ్య నిదానంగా పాకుతుంటే తోవ దొరికింది కానీ జాబితా, రిలేల వివరాలు దిగడం లేదు. నెట్ బలహీనంగా ఉండవచ్చు, వేగం కావాలని తగ్గించి ఉండవచ్చు. వెంటనే రద్దు చేసి మళ్లీ మొదలుపెట్టకుండా పది నిమిషాలు వదిలేయండి. ఒకసారి దిగిన వివరాలు డిస్క్‌లో ఉంటాయి కాబట్టి తర్వాతిసారి ఇంత సమయం పట్టదు.

బ్రిడ్జితో ప్రయత్నించినప్పుడు ఇవే అంకెలకు అర్థం మారుతుంది. ఓబీఎఫ్‌ఎస్4 అనే రకం బ్రిడ్జి పెట్టి 2 శాతం దగ్గర ఆగితే, మీ కంప్యూటర్‌లోని లైర్‌బర్డ్ దాకా టార్ వెళ్లింది, అక్కడి నుంచి బ్రిడ్జి దొరకలేదు. పక్కనే జనరల్ సాక్స్ సర్వర్ ఫెయిల్యూర్ అని ఉంటుంది. ఆ బ్రిడ్జి చచ్చిపోయైనా ఉండాలి, దాని ఐపీ బ్లాక్‌లోనైనా ఉండాలి. స్నోఫ్లేక్ తీరు వేరు, అది వాలంటీర్ల బ్రౌజర్ల గుండా వెళ్తుంది. ఇంకా ఎవరూ దొరక్కముందే అది సరే అని టార్‌కు చెప్పేస్తుంది, కాబట్టి వెంటనే 10కి ఎగబాకుతుంది. అక్కడ కూర్చుండిపోతే, రిలే దాకా వెళ్లామన్న మాట నమ్మవద్దు. లాగ్‌లో బ్రోకర్ ఫెయిల్యూర్ అని ఉందా, డేటాచానెల్ తెరుచుకోలేదంటూ టైమౌట్ అని ఉందా చూడండి. మొదటిదైతే వాలంటీర్లను కలిపే బ్రోకర్‌నే అందుకోలేకపోతున్నారు. రెండోదైతే వాలంటీర్ దొరికాడు కానీ మీ ఇద్దరి మధ్య యూడీపీ నడవడం లేదు.

ఏది ఎంచుకోవాలి

కనెక్ట్ కానప్పుడు బ్రౌజరే ముందుకొచ్చి మీ దేశం అడిగి తగిన బ్రిడ్జి పెట్టే ఏర్పాటు 2022 జులైలో వచ్చిన 11.5 వెర్షన్ నుంచి ఉంది. దానికి ఒక అవకాశం ఇవ్వండి. దేశం పేరు దానంతటదే తప్పుగా పడితే జాబితాలో చేత్తో మార్చండి. అది కుదరకపోతే ఇక మీ చేతిలో పని.

ఓబీఎఫ్‌ఎస్4 ట్రాఫిక్‌ను ఏ రూపమూ లేని యాదృచ్ఛిక బైట్లుగా మార్చేస్తుంది. బ్రిడ్జి వరుసలో సర్ట్ అన్న మాట తర్వాత వచ్చే పొడవాటి అక్షరాల గుంపులోనే రహస్యం ఉంది. అది తెలియనివాళ్లు పలకరిస్తే సర్వర్ జవాబివ్వదు. చైనా మార్కు తనిఖీకి ఇదే విరుగుడు. వేగం కూడా బాగుంటుంది, కాబట్టి 5, 10, 14 దగ్గర ఆగిన కేసుల్లో మొదట చూడాల్సింది ఇదే. అయితే బ్రౌజర్‌లో ముందే అమర్చి వచ్చే ఓబీఎఫ్‌ఎస్4 బ్రిడ్జిల మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. అవి బ్రౌజర్ దించుకున్న ప్రతి ఒక్కరికీ తెలుసు, బ్లాక్ చేసేవాళ్లకు ఇంకా ముందే తెలుసు. హాస్టల్ ఫైర్‌వాల్ లాంటి మొరటు అడ్డంకిని దాటడానికి పనికొస్తాయి, రష్యా, చైనాల్లో పనికిరావు. రిక్వెస్ట్ బ్రిడ్జెస్ నొక్కి మీకంటూ వేరే బ్రిడ్జిలు తీసుకోండి. లేదా జీమెయిల్ నుంచో రైజప్ నుంచో బ్రిడ్జెస్ అట్ టార్‌ప్రాజెక్ట్ డాట్ ఆర్గ్‌కు మెయిల్ రాయండి. వేరే మెయిల్ కంపెనీల నుంచి రాస్తే జవాబు రాదు. టెలిగ్రామ్‌లో గెట్‌బ్రిడ్జెస్‌బాట్ కూడా ఇస్తుంది.

ఓబీఎఫ్‌ఎస్4 రెండుచోట్ల తడబడుతుంది. ఒకటి పోర్టు. ఈ బ్రిడ్జిలు చాలావరకు అడ్డదిడ్డమైన పోర్టుల మీద ఉంటాయి, 443 మాత్రమే వదిలే హాస్టల్‌లో అవి చేరవు. బ్రిడ్జి వరుసలో ఐపీ తర్వాత, చుక్కల జంట పక్కన ఉన్న అంకె చూసి 443 లేదా 80 ఉన్నదాన్ని ఏరుకోండి. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఫైర్‌వాల్ కొన్ని పోర్టులే వదులుతుందని చెప్పే గడి ఉంది. అక్కడ 80, 443 అని రాసి, వేరే పోర్టున్న బ్రిడ్జి పెడితే టార్ దాన్ని తాకనైనా తాకదు. ఈ రెండూ ఒకదానితో ఒకటి పొసగకపోవడం వల్లే ఆగిన కేసులు చాలా ఉంటాయి.

రెండోది యాదృచ్ఛికతే దోషమైపోవడం. 2021 నవంబరు నుంచి చైనా ఒక వింత నియమం నడిపింది. మొదటి ప్యాకెట్‌లో చదవగలిగే అక్షరాలు తక్కువగా ఉండి, టీఎల్‌ఎస్‌లా గానీ హెచ్‌టీటీపీలా గానీ లేకుండా, ఒక్కో బైటులోని ఎనిమిది బిట్లలో సగటున 3.4 నుంచి 4.6 దాకా ఒకట్లు ఉంటే, అది దాపరికమే అని లెక్కగట్టి ఆ సర్వర్‌ను మూడు నిమిషాలపాటు ఆపేది. అదీ ప్రతిసారీ కాదు, నాలుగింట ఒక వంతు కంటే కాస్త ఎక్కువసార్లు. ఒకసారి కలిసి, ఒకసారి కలవక, కొద్ది నిమిషాలాగి మళ్లీ కలిసే బ్రిడ్జి కనిపిస్తే సర్వర్ పాడైందని తేల్చేయకండి. ఇలాంటి నియమం ఉండే అవకాశం కూడా చూసుకోండి.

అక్కడే వెబ్‌టన్నెల్ అవసరం వస్తుంది. 2024 మార్చిలో విడుదలైన ఈ రకం, ఏ రూపమూ లేకుండా ఉండకుండా, మామూలు హెచ్‌టీటీపీఎస్ రూపంలో వెళ్తుంది. నిజమైన వెబ్‌సైటు నడిచే సర్వర్‌లోనే, ఒక రహస్య చిరునామా కింద బ్రిడ్జి ఉంటుంది. తనిఖీకి ఎవరైనా వస్తే వాళ్లకు వెబ్‌సైటే కనిపిస్తుంది. పోర్టు 443. తెలిసిన రూపాలనే వదిలే ఫైర్‌వాళ్ల మధ్య ఇదే నిలబడుతుంది. హాస్టల్‌లోనూ ఇది మంచి ఎంపికే. దీని వరుస చూసి కంగారు పడేవాళ్లుంటారు. మొదట్లో 2001, డీబీ8 అంటూ ఒక ఐపీవీ6 (కొత్త రకం ఐపీ) చిరునామా ఉంటుంది. ఉదాహరణల కోసం పక్కన పెట్టిన చిరునామాల్లోది అది, ఎక్కడికీ వెళ్లదు. అసలు పని యూఆర్ఎల్ అన్న భాగానిదే. మా నెట్‌లో ఐపీవీ6 లేదు కదా అని దాన్ని చెరిపేస్తే వరుస మొత్తం చెల్లదు.

వెబ్‌టన్నెల్ కూడా తిరుగులేనిదేమీ కాదు. డొమైన్ పేరు మీ నెట్ కంపెనీకి కనిపిస్తుంది, దాన్ని ఆపితే బ్రిడ్జి ఆగుతుంది. పైగా రష్యా పెద్ద హోస్టింగ్ కంపెనీల ఐపీ వరుసలనే తొక్కిపెట్టడం మొదలుపెట్టింది. 2024 నవంబరు చివర్లో 200 కొత్త వెబ్‌టన్నెల్ బ్రిడ్జిలు కావాలని టార్ ప్రాజెక్ట్ పిలుపునిచ్చింది ఇందుకే. అక్కడ ఒక బ్రిడ్జి కలవకపోతే, వేరే హోస్టింగ్‌లో ఉన్నది అడగండి. అదే కంపెనీ సర్వర్లలో నాలుగు మార్చినా ఉపయోగం ఉండదు.

వెబ్‌టన్నెల్ బ్రిడ్జిలు బ్రిడ్జెస్ డాట్ టార్‌ప్రాజెక్ట్ డాట్ ఆర్గ్‌లో రకం ఎంచుకుని అడగాలి. ఆ సైటే బ్లాక్ అయి ఉంటే ముందు స్నోఫ్లేక్‌తో ఎలాగోలా కనెక్టయి, ఆ సైటు తెరిచి, రెండు మూడు వెబ్‌టన్నెల్ వరుసలు తీసుకుని వాటికి మారిపోవచ్చు. స్నోఫ్లేక్‌ను రోజువారీ వాహనంగా కాకుండా ఇలా మొదటి మెట్టుగా వాడుకోవడమే దానికి తగిన పని అని మా అభిప్రాయం.

స్నోఫ్లేక్‌లో బ్రిడ్జి చిరునామా అంటూ మీకు ఉండదు. ప్రపంచంలో ఎక్కడో ఒక వాలంటీర్ బ్రౌజర్ మీకూ టార్‌కూ మధ్య నిలబడుతుంది, వీడియో కాల్స్ వాడే వెబ్‌ఆర్‌టీసీ పద్ధతిలో. వాళ్లు ట్యాబ్ మూసేస్తే ఇంకొకరు వస్తారు. అంతమందిని ఐపీ చూసి ఆపడం ఎవరివల్లా కాదు, బలం అక్కడే ఉంది. వాలంటీర్ మారేటప్పుడు పేజీ అరనిమిషం స్తంభించడం మామూలే. మళ్లీ మళ్లీ రిఫ్రెష్ కొట్టకండి, సెషన్ తెగలేదు, కొత్తవాడు దొరకగానే అక్కడి నుంచే సాగుతుంది. యూడీపీ మూసిన హాస్టల్, ఆఫీసుల్లో మాత్రం ఇది అసలు కదలదు. డేటాచానెల్ టైమౌట్ కనబడగానే మానేసి 443 పోర్టు బ్రిడ్జికి మారండి. మొబైల్ డేటాలో ఒకే ఐపీ వెనుక వేలమంది ఉంటారు కాబట్టి సరిపడే వాలంటీర్ దొరకడానికి ఆలస్యం కావచ్చు. అక్కడ ఓపిక పట్టడంలో అర్థం ఉంది.

మీక్ గురించి రెండు ముక్కలు. పెద్ద క్లౌడ్ కంపెనీ సైటుకు వెళ్తున్నట్టు కనిపించి టార్‌కు తీసుకెళ్తుంది. 2018 ఏప్రిల్‌లో గూగుల్, అమెజాన్ ఈ వేషాన్ని తమ సర్వర్లలో ఆపేశాయి, ఆ తర్వాత దీని మనుగడ ఇతర కంపెనీల దయ మీద నడుస్తోంది. చాలా నిదానం. మిగతావన్నీ విఫలమైతే మెయిల్ చూసుకోవడానికి పనికొస్తుంది, వీడియోకు కాదు.

వరుసను అతికించేటప్పుడు

బ్రిడ్జి వరుస అంటే రకం పేరు, ఐపీ, పోర్టు, 40 అక్షరాల వేలిముద్ర, ఆపైన సర్ట్ లేదా యూఆర్ఎల్. మొత్తం ఒకే లైను. వాట్సాప్‌లోంచి కాపీ చేస్తే మధ్యలో లైను విరుగుతుంది, ఖాళీలు చేరతాయి, చివరి అక్షరాలు రాలిపోతాయి. సర్ట్‌లో ఒక్క అక్షరం పోయినా 2 శాతం దాటదు. నోట్‌ప్యాడ్‌లో అతికించి ఒకే లైనుగా ఉందని చూసుకున్నాక పెట్టండి. కంప్యూటర్ నుంచి ఫోన్‌కైతే బ్రౌజర్ చూపించే క్యూఆర్ కోడ్ మేలు. ప్రతి బ్రిడ్జి పక్కన నాలుగు ఎమోజీలు కనిపిస్తాయి. అవి అవతలివాళ్ల దగ్గరా అవే వచ్చాయంటే బ్రిడ్జి సరిగ్గా చేరింది.

రెండు మూడు వరుసలు ఒకేసారి పెట్టండి, ఒకటి పోతే ఇంకొకటి ఉంటుంది. పది పెట్టడం మాత్రం వృథా. మీరు వాడే బ్రిడ్జిలు ఎన్ని ఎక్కువైతే, నెట్ కంపెనీ ఏదో ఒకదాన్ని బట్టి మిమ్మల్ని గుర్తించే అవకాశం అంత ఎక్కువ. మంచి బ్రిడ్జి దొరికిందని పబ్లిక్ గ్రూపులో పెడితే అది ఎక్కువకాలం బతకదు. బ్లాక్ చేసేవాళ్లూ ఆ గ్రూపులు చదువుతారు.

ఫోన్‌లో

బ్రౌజింగ్ వరకైతే టార్ బ్రౌజర్ చాలు. వేరే యాప్‌లు కూడా టార్ గుండా పోవాలంటే ఆర్బాట్. ఇది ఫోన్‌లో వీపీఎన్‌గా కూర్చుని, మీరు టిక్ పెట్టిన యాప్‌లనే టార్‌లోకి పంపుతుంది. దీంట్లో తరచుగా వచ్చే ఫిర్యాదు, కాసేపటికి దానంతటదే తెగిపోతోందని. అది బ్లాక్ కాకపోవచ్చు. చాలా చైనా తయారీ ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో వెనకాల నడిచే యాప్‌లను చంపేస్తాయి. సెట్టింగ్స్‌లో ఆర్బాట్‌కు బ్యాటరీ నియంత్రణ తీసేసి, ఆటోస్టార్ట్ ఇవ్వండి. ఆ తర్వాత కూడా తెగితే అప్పుడు లాగ్ చూడాలి.

కనెక్ట్ అయ్యాక

100 శాతం వచ్చి, ఒక సైటు మాత్రం అనుమతి లేదనో, మీరు రోబో కాదని నిరూపించుకోమనో అంటే అది నెట్ కంపెనీ పని కాదు. టార్ చివరి రిలేల జాబితా కూడా బహిరంగమే కాబట్టి ఆ సైటే టార్‌ను అడ్డుకుంటోంది. బ్రిడ్జి మీ వైపు చివరన ఉంటుంది, సైటు అవతలి చివరన. బ్రిడ్జి ఎన్ని మార్చినా దీనికి ఫలితం ఉండదు. న్యూ సర్క్యూట్ ఫర్ దిస్ సైట్ అన్నది రెండు మూడుసార్లు నొక్కి చూడండి. బ్యాంకు సైట్లను టార్‌లో తెరవకండి, మీ ఖాతా ఎవరో దూర దేశం నుంచి తెరుస్తున్నారనుకుని తాళం వేస్తాయి.

బ్రిడ్జి పెడితే టార్ వాడుతున్న సంగతి ఎవరికీ తెలియదన్న నమ్మకమూ వద్దు. ఈ రోజు గుర్తించలేని ట్రాఫిక్‌ను రేపు పాత రికార్డులు తిరగేసి గుర్తించవచ్చు. టార్ వాడడం తెలిస్తేనే ప్రమాదమనే స్థితిలో ఉన్నవాళ్లు ఇంటి నెట్ నుంచి, సొంత పేరుతో ఉన్న సిమ్ నుంచి ఈ ప్రయోగాలు చేయకూడదు. ఊనీ ప్రోబ్ అనే యాప్‌తో మీ నెట్‌లో టార్ బ్లాకైందో లేదో కొలవవచ్చు. అది కొలతలను మీ నెట్ కంపెనీ పేరుతో బహిరంగంగా ప్రచురిస్తుందనీ, కొలవడానికి బ్లాకైన సైట్లను తడుతుందనీ తెలిసే నడపండి.

బయటి దేశంలో మనవాళ్లుంటే

అమెరికాలోనో యూరప్‌లోనో ఉన్న బంధువు మీకోసం ప్రైవేటు బ్రిడ్జి నడపగలిగితే దానికి మించినది లేదు. ఎవరికీ పంచని బ్రిడ్జిని జాబితా చూసి ఆపడం కుదరదు. నెలవారీ అద్దెకు దొరికే చిన్న సర్వర్ (వీపీఎస్), దాంట్లో డెబియన్ లేదా ఉబుంటు లినక్స్, టార్, ఓబీఎఫ్‌ఎస్4 ప్యాకేజీలు చాలు. అటూ ఇటూ కనీసం సెకనుకు 1 మెగాబిట్ వేగం, రోజంతా ఆన్‌లో ఉండడం అవసరం. కాన్ఫిగ్ ఫైలులో బ్రిడ్జ్‌డిస్ట్రిబ్యూషన్ అన్న వరుసకు నన్ అని విలువ ఇస్తే అది ఎవరికీ పంచబడదు. టార్ సొంత పోర్టుగా 9001 పెట్టవద్దు, ఆ అంకె టార్‌దని అందరికీ తెలుసు. ఓబీఎఫ్‌ఎస్4 పోర్టు 443 అయితే హాస్టల్ నుంచి కూడా అందుతుంది.

ఈ 443 దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. లినక్స్‌లో 1024 కంటే తక్కువ పోర్టు తెరవాలంటే ఆ ప్రోగ్రాంకు ప్రత్యేక అనుమతి కావాలి. సెట్‌క్యాప్ కమాండ్‌తో దాన్ని ఇచ్చినా, లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలో టార్ సర్వీసుకు ఉన్న నోన్యూప్రివిలేజెస్ అనే నియమం దాన్ని కొట్టేస్తుంది. టార్ రెండు సర్వీసు ఫైళ్లలోనూ ఆ విలువను నో అని మార్చి, డీమన్ రీలోడ్ చేసి, టార్‌ను మళ్లీ మొదలుపెట్టాలి. ఆ తర్వాత ఫైర్‌వాల్. సర్వర్ లోపలి ఫైర్‌వాల్‌లో పోర్టు తెరిచి, క్లౌడ్ కంపెనీ కంట్రోల్ ప్యానెల్‌లో ఇంకో ఫైర్‌వాల్ ఉంటుందన్న సంగతి మరిచిపోతారు. రెండూ తెరిచాక బ్రిడ్జెస్ డాట్ టార్‌ప్రాజెక్ట్ డాట్ ఆర్గ్‌లోని స్కాన్ పేజీలో ఐపీ, పోర్టు ఇస్తే బయటినుంచి అందుతోందో లేదో చెబుతుంది.

మీకు పంపాల్సిన వరుస సర్వర్‌లో టార్ డేటా ఫోల్డరులోని పీటీ స్టేట్‌లో, ఓబీఎఫ్‌ఎస్4 బ్రిడ్జిలైన్ అనే ఫైలులో ఉంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు పంపితే పనిచేయదు. అందులో ఐపీ, పోర్టు, వేలిముద్ర ఉండాల్సిన చోట ఖాళీ గుర్తులే ఉంటాయి. ఐపీ, పోర్టు మీ బంధువుకు తెలిసినవే. వేలిముద్ర టార్ లాగ్‌లో దొరుకుతుంది. అక్కడ రెండు కనిపిస్తాయి, ఒకటి మామూలుది, ఇంకొకటి హ్యాష్డ్ అని రాసి ఉన్నది. పెట్టాల్సింది మామూలుది. హ్యాష్డ్‌ది పెడితే బ్రిడ్జి దాకా వెళ్లి, వేలిముద్ర కలవలేదంటూ హ్యాండ్‌షేక్ దగ్గర ఆగుతుంది.